గేజీ మూడడుగులు, నీటికుక్కలు సున్నా

పొద్దున్నే ఫోన్ చేతిలోకి తీసుకోవాలంటే శాంభవికి నీరసం వస్తుంది. ఆరు గంటలకే గ్రూపులో నూట ఇరవై మెసేజీలు వచ్చి కూర్చుంటాయి. అందులో నలభై గుడ్ మార్నింగులు, పదిహేను నెమళ్ళు, ఏ దేశానిదో తెలియని పులి ఒకటి. ఆ పులిని మైలవరం అడవిలో తన బావమరిది కళ్ళారా చూశాడని కింద ఒక పెద్దమనిషి వాంగ్మూలం. పులి వెనకాల మంచు కురుస్తోంది బాబూ అని అతనికి ఎవరు చెప్పాలి? శాంభవే చెప్పాలి. ఆరేళ్ళుగా ఆమే చెబుతోంది.

గ్రూపు పేరు 'కృష్ణా ప్రాణికోటి'. జిల్లాలో ఎక్కడ ఏ పిట్ట వాలినా, ఏ జంతువు కనపడినా, చూసినవాళ్ళు అందులో పెట్టాలి. శాంభవి సరిచూసి జిల్లా పట్టికలో ఎక్కించాలి. ఈ యజ్ఞం మొదలుపెట్టింది ఆమెకు డిగ్రీలో జువాలజీ చెప్పిన అచ్యుతరామారావు మాస్టారు. ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాక పట్టిక బరువు శిష్యురాలి నెత్తిన పడింది. శాంభవి కూడా ఇప్పుడు విజయవాడలో ఒక కాలేజీలో జువాలజీ చెబుతోంది. రోజుకు నాలుగు క్లాసులు, దిద్దాల్సిన పేపర్లు, ఇంట్లో అమ్మ దుర్గాంబ మోకాళ్ళ నొప్పులు, ఇవన్నీ చాలనట్టు ఆరువందల నలభైమంది ప్రకృతి ప్రేమికులు.

పట్టికకు మాస్టారు పెట్టిన నియమం ఒక్కటే. తేదీ, చోటు, ఫొటో. మూడూ ఉంటేనే లోపలికి రానివ్వాలి. "ఫొటో లేనిదాన్ని నమోదు అనరమ్మాయ్, కబుర్లంటారు" అనేవారు ఆయన. కానీ కబుర్లు పంపేవాళ్ళను ఊరికే పొమ్మనలేం కదా. అందుకని శాంభవి ఒక జవాబు తయారుచేసి పెట్టుకుంది: 'ధన్యవాదాలు. నమోదు చేసుకున్నాం.' రెండక్షరాలు కొడితే వాక్యమంతా దానంతటదే వచ్చి పడుతుంది. నమోదు చేసిందీ లేదు, పెట్టిందీ లేదు. పెళ్ళిలో ఎదురుపడ్డవాళ్ళను 'ఓసారి ఇంటికి రండి' అంటామే, అలాంటి మర్యాద అది.

ఫిబ్రవరిలో ఒక సోమవారం ప్రణవ్ అనే సభ్యుడు పేపర్లో పడిన ప్రకటనను ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. ఉయ్యూరు అవతల పాతలాకులు అనే చోట పంటకాలవ గట్లకు రెండు మైళ్ళ పొడవున సిమెంటు వేస్తారట. వేసవిలో నీళ్ళు కట్టేశాక పని మొదలవుతుంది. అభ్యంతరాలుంటే శుక్రవారం సాయంత్రం ఐదులోగా ఆధారాలతో రాసివ్వాలి. ఆ గట్లలో నీటికుక్కల బొరియలున్నాయి. ఏడాది కిందట ప్రణవే తీసిన రెండు ఫొటోలు పట్టికలో ఉన్నాయి కూడా. మట్టి గట్టుకు సిమెంటు పూస్తే వాటికిక నిలవనీడ ఉండదు. గ్రూపంతా ఒక్కసారిగా భగ్గుమంది. ఏడుపు బొమ్మలు, కోపం బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. గంటన్నర ఆవేశపడ్డాక అందరూ ఏకగ్రీవంగా ఒక నిర్ణయానికొచ్చారు: శాంభవి మేడం చూసుకుంటారు.

మాస్టారు వెంటనే ఫోన్ చేశారు. "రెండు ఫొటోలు చూపిస్తే ఎవడు వింటాడు శాంభవీ? దారినపోతూ ఆగాయంటారు. ఏడాది పొడుగునా అక్కడే కాపురం ఉంటున్నాయని చూపించాలి. తేదీలు కావాలి. వందైనా ఉండాలి."

"వంద ఎక్కణ్ణించి తేను మాస్టారూ?" అంది శాంభవి. అన్న మరుక్షణం ఆమెకు రత్తయ్య గుర్తొచ్చాడు. 

రత్తయ్య పాతలాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యాడు. లస్కరంటే కాలవ మీద నీళ్ళు చూసుకునే ఉద్యోగి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లాకు దగ్గర గేజీ పలక చూసి, నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో పైవాళ్ళకు ఫోన్ చేసి చెప్పాలి. ముప్పై ఆరేళ్ళు చెప్పాడు. ఉద్యోగం పోయినా గట్టు మీద తిరగడం పోలేదు, చూసింది చెప్పే అలవాటూ పోలేదు. మూడేళ్ళ కిందట ఎవరో ఆయన్ను గ్రూపులో చేర్చారు. టైపు చేయడం రాదు, ఫొటో తీస్తే వేలే పడుతుంది. అందుకని నోటితో చెప్పి పంపాడు. రెండున్నర నిమిషాల వాయిస్ మెసేజీ. వినకుండానే ఒకాయన 'రేడియో స్టేషన్ ప్రారంభం' అని కింద రాశాడు, పదిమంది నవ్వారు. పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడని శాంభవి విడిగా రాసింది: 'రత్తయ్య గారూ, ఇకనుంచి గ్రూపులో వద్దండి, నాకే పంపండి.' రత్తయ్య దాన్ని గౌరవంగా తీసుకున్నాడు. అప్పట్నించి వారానికి ఒకటో రెండో ఆమెకే పంపుతున్నాడు. ప్రతిదానికీ ఆమె రెండక్షరాలు కొడుతోంది. మొదటిది సగం విన్నట్టు గుర్తు. తరవాతవి అదీ లేదు.

గబగబా ఆ పేజీ తెరిచింది. ఎడమపక్క వరసగా ఆయన పంపినవి, కుడిపక్క ఆమె ధన్యవాదాలు. దేన్ని నొక్కినా పలకలేదు. ఫోన్‌లో చోటు లేదంటే పోయిన ఆదివారమే ఆడియోలన్నీ ఒక్క దెబ్బతో తీసిపారేసింది. నెమళ్ళు మాత్రం భద్రంగా ఉన్నాయి.

రత్తయ్యకు ఫోన్ చేసింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"రత్తయ్య గారూ, నా ఫోన్ పాడైందండి. మీరు పంపినవన్నీ పోయాయి. మీ దగ్గరేమన్నా ఉన్నాయా?"

"అయ్యయ్యో! మీరేం కంగారుపడమాకండి మేడంగారూ. నేనొక్కటి గూడా తీసెయ్యలేదండి. అన్నీ పంపుతా."

ఒక్కొక్కటే నొక్కి, ఒక్కొక్కటే పంపాడు. మంగళవారం మధ్యాహ్నానికి మొత్తం రెండువందల పన్నెండు వచ్చాయి.

ఆ సాయంత్రం శాంభవి వంటింట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, పక్కన ఫోన్ పెట్టి వినడం మొదలుపెట్టింది. దుర్గాంబ ఎదురుగా పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

"మేడంగారికి నమస్కారమండి. రత్తయ్యనండి. ఇయ్యాల తారీఖు పద్నాలుగు, నవంబరు. పొద్దున ఆరు గంటలు. గేజీ నాలుగడుగుల మూడంగుళాలండి. నీటికుక్కలు మూడు. లాకు కిందనించి ఈదుకుంటా వచ్చి రాతిమెట్లెక్కినయ్యి. రెండు పెద్దయ్యి, ఒకటి కుర్రది. కుర్రదానికి తోక సగమే ఉందండి. వలలో పడి తెంపుకున్నట్టుంది. మెట్ల మీద చేప పొలుసులున్నయ్యి. ఇంతే సంగతులండి."

శాంభవి చెయ్యి ఆగిపోయింది. తేదీ ఉంది, వేళ ఉంది, చోటు ఉంది, లెక్క ఉంది, ఆఖరికి నీటిమట్టం కూడా ఉంది. గ్రూపులో ఎమ్మెస్సీలు చదివినవాళ్ళెవరూ ఇంత శుభ్రంగా ఏనాడూ రాయలేదు. ఆమె తన విద్యార్థులకు నేర్పాలని చూసి, విసిగి, వదిలేసిన పద్ధతి ఇదే.

ఒకటి తరవాత ఒకటి విన్నది, విన్నది విన్నట్టు పట్టికలో కొట్టుకుంటూ పోయింది. నడుము పట్టేసింది, కళ్ళు మండాయి. బుధవారం కాలేజీకి సెలవు పెట్టి మళ్ళీ కూర్చుంది. రత్తయ్య గొంతులో తొందర లేదు, విసుగు లేదు. వాన పడ్డ రోజు వాన పడిందన్నాడు. కాలవ కట్టేసిన వేసవిలో లాకు కింద గుంటలో మిగిలిన నీళ్ళలోనే అవి ఎట్లా బతికాయో చెప్పాడు. దుర్గాంబ కూరగాయలు పక్కన పెట్టేసి వినడం మొదలుపెట్టింది.

"ఆ సగం తోకది రెండ్రోజుల్నించి రాలేదన్నాడుగా. వచ్చిందా?" అని అడిగింది మధ్యలో.

"ఉండమ్మా, వింటున్నాగా."

వచ్చింది. రెండో ఏడు దానికొక జోడు దొరికింది. మూడో ఏడు నవంబరు నెలాఖరున గట్టులోపలి బొరియనించి పిల్లల కూత వినపడిందని చెప్పేటప్పుడు రత్తయ్య గొంతు కాస్త పెద్దదైంది. దుర్గాంబ సంతోషంగా తొడ మీద చరుచుకుంది. శాంభవికి కూడా చాలా రోజుల తరవాత ప్రాణం కాస్త లేచొచ్చింది. నూట ఎనభై అయ్యాయి. ఇన్ని తేదీలుంటే ఎవరైనా సరే కాదనడానికి లేదు. కాలవ గట్టు దక్కేటట్టే ఉందనుకుంది.

తరవాతది నొక్కింది.

"మేడంగారూ, రత్తయ్యనండి. తారీఖు పంతొమ్మిది, డిసెంబరు. సాయంత్రం ఐదున్నర. గేజీ మూడడుగుల తొమ్మిదంగుళాలు. చేపల చెరువులోళ్ళు బొరియ చూశారండి. చేపలన్నీ ఇయ్యే తింటన్నయ్యంట. రేపు పొద్దున ఎండుమిరపకాయల పొగేసి తవ్వుతారంట. లోపల పిల్లలున్నయ్యండి. నేను చెప్తే ఎవరింటారు, రిటైరైన లస్కర్ని. మీరు ఎవరికన్నా పెద్దోళ్ళకి ఓ ఫోన్ కొట్టండి. లేదంటే మీరే ఓసారి రండి. విజయవాడ నించి మేడంగారొచ్చారంటే కాస్త జంకుతారు. తెల్లారేదాకా గట్టు మీదే ఉంటానండి. ఇంతే సంగతులు."

దుర్గాంబ కూతురి మొహంలోకి చూసింది. "మరి వెళ్ళావా?"

శాంభవి పాత పేజీ తెరిచి డిసెంబరు పంతొమ్మిది దాకా వెనక్కి లాగింది. ఆయన పంపిన ఆరు నిమిషాలకు తను పంపిన జవాబుంది. ధన్యవాదాలు. నమోదు చేసుకున్నాం. ఆ సాయంత్రం తను ఏం చేస్తోందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. పేపర్లు దిద్దుతోందేమో, బస్సులో ఉందేమో. 

"వెళ్ళలేదమ్మా" అంది.

దుర్గాంబ కూరగాయల పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాటిది తొమ్మిది సెకన్లే ఉంది. "తారీఖు ఇరవై, డిసెంబరు. పొద్దున తొమ్మిది. గేజీ మూడడుగుల ఎనిమిది. బొరియ తవ్వేశారండి. నీటికుక్కలు సున్నా."

అక్కణ్ణించి వారానికి మూడో నాలుగో, అన్నీ అలాంటివే. గేజీ ఇంత, నీటికుక్కలు సున్నా. గేజీ మూడడుగులు, నీటికుక్కలు సున్నా. సంక్రాంతి మూడు రోజులూ కూడా సున్నా. నిష్ఠూరం లేదు, మీరెందుకు రాలేదన్న మాట లేదు. అలాంటివి ముప్పై ఒకటి. శాంభవి ముప్పై ఒకటీ విన్నది. అన్నిటి కిందా తన ధన్యవాదాలున్నాయి.

బుధవారం సాయంత్రం మాస్టారికి ఫోన్‌లో అంతా చెప్పింది. 

"ఉన్నవెన్ని?" అన్నారాయన.

"నూట ఎనభై ఒకటి. కానీ ఒక్కదానికీ ఫొటో లేదు. మీరే అన్నారుగా, కబుర్లని."

"ఇప్పుడా మాట ఎత్తకు. ఆ నూట ఎనభై ఒకటి ఇచ్చెయ్. సున్నాలు తీసెయ్."

"తీసేస్తే అవి ఇప్పుడూ అక్కడే ఉన్నాయని చెప్పినట్టు కదా మాస్టారూ?"

"ఎక్కడికి పోతాయమ్మా! ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వస్తాయి. అప్పటికి గట్టంటూ ఉండాలి కదా. సున్నాలు చూపించావంటే వాళ్ళ చేతికి తాపీ నువ్వే అందించినట్టు."

ఆయన చెప్పిందీ కొట్టిపారేసే మాట కాదు. శాంభవికి ఆలోచించే ఓపిక కూడా పోయింది. రెండు ఫైళ్ళు ప్రింటు తీయించింది. ఒకటి సున్నాలతో, ఒకటి సున్నాలు లేకుండా. గురువారం మధ్యాహ్నం క్లాసులయ్యాక రెండూ సంచీలో పెట్టుకుని ఉయ్యూరు బస్సెక్కింది. చూసినవాడి సంతకం కావాలన్నది పైకి చెప్పుకున్న కారణం. దారి పొడుగునా చెరకు ట్రాక్టర్ల వెనకాల బస్సు ఈడ్చుకుంటూ పోయింది. ఆమె కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది, నిద్ర మాత్రం పట్టలేదు.

ఉయ్యూరులో ఆటో మాట్లాడుకుని పాతలాకులు చేరేసరికి ఐదు దాటింది. రత్తయ్య ఇల్లు కాలవ గట్టుకు దిగువనే, రెండు గదుల డాబా. మనిషి బక్కపల్చగా, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, ఆమె కోసమే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన భార్య సుబ్బరత్నం కుర్చీ తుడిచి వేసింది, మజ్జిగ తెచ్చిచ్చింది.

"ఈవిడేనే మేడంగారు. మనం చెప్పినయ్యన్నీ ఈవిడే రాసుకునేది" అన్నాడు రత్తయ్య భార్యతో.

శాంభవి సంచీలోంచి ఫైలు తీసింది. చేతికి అందింది సున్నాలు లేనిది. రత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ, తన పేరు ఉన్నచోటల్లా వేలు పెట్టి చూసుకున్నాడు. ఆఖరి పేజీకొచ్చి ఆగాడు.

"డిసెంబరు పంతొమ్మిదితో ఆపేశారేందండి? తరవాతయ్యి ఏయి?"

"తరవాత ఏమీ లేవు కదండీ, సున్నాలే కదా."

"సున్నా గూడా లెక్కేనండి. కాలవ కట్టేసినప్పుడు నీళ్ళుండవు. అయినా సరే రెండు పూటలా పలక చూసి సున్నా అని ఫోన్‌లో చెప్పాల్సిందే. చెప్పలేదనుకోండి, లస్కరు ఇంట్లో పడుకున్నాడంటారు. ఉన్నప్పుడే చెప్పి లేనప్పుడు మానేస్తే, ఉన్నాయని చెప్పింది మాత్రం ఎవరు నమ్ముతారండి?"

శాంభవి ఆ ఫైలు వెనక్కి తీసుకుని రెండోది ఇచ్చింది. "ఇందులో ఉన్నాయండి. అయితే ఇదిస్తే సిమెంటు పని ఆగదు" అంది.

రత్తయ్య గట్టు వైపు ఒకసారి చూశాడు. "ఆగదులెండి" అన్నాడు. ఆఖరి పేజీ దాకా చూసుకుని, సంతకం పెట్టాడు. పెట్టి కలం మూస్తూ, ఆమె మొహం వాడిపోయి ఉండటం చూసి కాబోలు, తనే ఓదార్చబోయాడు. "ఆరోజు మీకు కుదర్లేదు. కాలేజీ అన్నాక ఎన్ని పనులో. నేనేం అనుకోలేదండి. రాలేకపోయినా రాసుకున్నారు, అది చాలు."

 ఆ మాటతో శాంభవి మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. సంతకం అయిపోయింది, లేచి వెళ్ళిపోవచ్చు. ఈయనకు ఎప్పటికీ తెలియదు. కానీ ఆ గౌరవం మోసుకుని తిరిగి బస్సెక్కే ఓపిక ఆమెకు లేదు.

"రత్తయ్య గారూ, నా ఫోన్ పాడవలేదండి. చోటు లేదని నేనే అన్నీ తీసేశాను. తీసేసేముందు కూడా వినలేదు. మీరు పంపినవి మూడేళ్ళలో ఒక్కటీ వినలేదండి. నిన్నా మొన్నా విన్నదే వినడం. రాసుకున్నామని నేను పంపేది ఊరికే పంపేదాన్ని, అందరికీ అదే పంపుతాను. ఆరోజు మీరు రమ్మన్నట్టు కూడా నాకు తెలియదు."

సుబ్బరత్నం మొగుడి వైపు చూసింది. రత్తయ్య కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు, తుడిచి మళ్ళీ పెట్టుకోలేదు. ఆయనకు కోపం రాలేదు. ఏదో లెక్క తప్పినట్టు, ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు కాసేపు కూర్చుండిపోయాడు.

"అయితే మూడేళ్ళూ నేను ఎవరికి చెప్పినట్టండి?" అని అడిగాడు.

నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. 

"ఎవరికీ కాదండి" అంది శాంభవి.

రత్తయ్య తల ఊపాడు. ఆరు కావస్తోంది. లేచి, చెప్పులేసుకుని, గట్టెక్కి లాకు వైపు నడిచాడు. శాంభవి వెనకాలే వెళ్ళింది. తవ్వేసిన బొరియ దగ్గర మట్టి ఇంకా గుట్టగానే పడి ఉంది. ఆయన రాతిమెట్ల మీద వంగి గేజీ పలక చూశాడు, నీళ్ళ మీద అటూ ఇటూ చూశాడు. అలవాటు కొద్దీ జేబులోంచి ఫోన్ తీసి నోటిదాకా తెచ్చి, ఆగిపోయాడు. కాసేపు దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

శాంభవి సంచీలోంచి కలం, కాగితం తీసింది. "చెప్పండి రత్తయ్య గారూ, రాసుకుంటాను."

"ఇయ్యాల్టికి వద్దులెండి" అన్నాడు రత్తయ్య మర్యాదగానే. "మీకు బస్సు టైమైనట్టుంది."